జనం వైపు తిరిగి నిలబడే కొలువు

అక్టోబర్ 21 పోలీసు అమరవీరుల సంస్మరణ దినం. ఎస్సైగా చేరి, డీఎస్పీగా పదవీ విరమణ చేసిన ఓ పోలీసు అధికారి తన జీవితం, దైవం, దేశం గురించి పంచుకున్న ఆలోచనలివి.

బందోబస్తు డ్యూటీకి వచ్చిన కుర్ర కానిస్టేబులుకు మొదట చెప్పేది ఎటు తిరిగి నిలబడాలో. గుడి ఉత్సవమైనా, ఉరుసైనా, చర్చి తిరునాళ్లయినా, నాయకుడి బహిరంగ సభ అయినా పోలీసు చూడాల్సింది జనం వైపే. పూజ, హారతి, ఉపన్యాసం అన్నీ అతని వీపు వెనక జరిగిపోతాయి.

విజయవాడ ఇంద్రకీలాద్రి మీద దసరాల్లో మూలా నక్షత్రం నాడు అమ్మవారు సరస్వతి అలంకారంలో ఉంటుంది. ఆ రోజు జనం పోటెత్తుతారు. అర్ధరాత్రి దాటకముందే క్యూలు కొండ దిగి వినాయకుడి గుడి దాకా సాగుతాయి. గుడి ఆవరణలోకి వెళ్లాక మాకూ బూట్లు ఉండవు. ఖాకీ బట్టలు, చేతిలో లాఠీ, ఉత్త పాదాలు. రోప్ పార్టీ తాడు పట్టుకుని నిలబడుతుంది. ఏ పిల్ల చెయ్యి తల్లి చేతిలోంచి జారింది, ఏ ముసలాయనకు ఊపిరి అందడం లేదు, ఎవరి కళ్లు తేలిపోతున్నాయి అని ఒక్కో ముఖాన్నీ చూస్తూ ఉండాలి. లోపల హారతి గంట మోగగానే అందరి చేతులూ పైకి లేస్తాయి. సరిగ్గా అప్పుడే జనం ఒక్కసారిగా ముందుకు తోసుకొస్తారు. మనకూ భక్తి ఉంటుంది, మనకూ చూడాలని ఉంటుంది. ఆ క్షణంలో తాడు వదిలి వెనక్కి తిరిగితే ఏమవుతుందో ప్రతి పోలీసుకూ తెలుసు. 2015 జులై 14న రాజమండ్రి పుష్కరఘాట్‌లో జరిగిన తొక్కిసలాటలో ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. పుణ్యం కోసం ఇంటి నుంచి బయలుదేరిన మనిషి మళ్లీ క్షేమంగా ఇల్లు చేరేదాకా ఆ పుణ్యం పూర్తి కాదని నేను నమ్ముతాను.

అమ్మవారి అలంకారాన్ని ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను తీరిగ్గా చూసింది లేదు. ఆవిడను చూసి వస్తున్నవాళ్ల ముఖాలు మాత్రం చూశాను. రిటైరయ్యాక ఇప్పుడు మామూలు క్యూలో నిలబడి దర్శనం చేసుకుంటున్నాను. అయినా నా భక్తికి పునాది ఆ ముఖాలే. దేశం సంగతీ అంతే. పుస్తకాల్లో, పటాల్లో, పాటల్లో ఉన్న దేశాన్ని నేనూ ప్రేమించాను. కానీ నా చేతికి అందిన దేశం మాత్రం స్టేషన్ గుమ్మంలో తడబడుతూ నిలబడిన మనిషే. సిఫారసు లేని ఫిర్యాదుదారు, లాకప్పులో ఉన్న నిందితుడు, పేరు తెలియని శవం. ఈ ముగ్గురి వల్ల మనకు వచ్చేదేమీ ఉండదు, ఎదురు చెప్పే బలమూ వాళ్లకు ఉండదు. వాళ్లతో మనం నడుచుకున్న తీరే మన దైవభక్తికీ దేశభక్తికీ కొలత. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

ఉప్పెన నేర్పిన పాఠం

నేను ఖాకీ వేసుకోవాలనుకోవడానికి కారణం 1977 నవంబర్ 19. దివిసీమ ఉప్పెన. అప్పుడు బందరులో డిగ్రీ చదువుకుంటున్నాను. గాలి తగ్గాక మా కాలేజీ కుర్రాళ్లం కొందరం అవనిగడ్డ వైపు వెళ్లాం. నాగాయలంక, కోడూరు, సొర్లగొంది, పాలకాయతిప్ప ఊళ్ల మీదికి సముద్రం వచ్చి వెళ్లిపోయింది. చనిపోయినవాళ్లు పది వేలకు పైనే. తుమ్మకంపల్లో, పొలం గట్ల మీద, కాలవల్లో మనుషులూ పశువులూ కలిసిపోయి ఉన్నారు. అంత్యక్రియలు చేసేందుకు అయినవాళ్లు మిగలని కుటుంబాలు ఎన్నో. రోగాలు ప్రబలకుండా ఎక్కడి శవాలను అక్కడే కుప్పలు చేసి కిరోసిన్ పోసి కాల్చాల్సి వచ్చింది.

అక్కడొక నడివయసు కానిస్టేబులును చూశాను. ముక్కుకు తువ్వాలు కట్టుకుని, చేతిలో తడిసిన నోటుపుస్తకం పట్టుకుని ఒక్కో శవం దగ్గరా ఆగుతున్నాడు. 'ఆడ మనిషి, ముప్పై ఏళ్లు ఉండొచ్చు, ఎడమ చేతి మీద పచ్చబొట్టు, ఎర్రంచు చీర' అని రాసుకున్నాకే పక్కకు తప్పుకుంటున్నాడు. ఇంతమందిలో ఇదంతా ఎందుకని మాలో ఒకడు అడిగాడు. 'ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారు బాబూ. వచ్చినవాళ్లకి చెప్పడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉండాలిగా' అన్నాడు. ఆయన సొంత ఊరు కూడా నీళ్లలోనే ఉందని సాయంత్రం ఇంకెవరో చెబితే తెలిసింది.

ఆ రోజుల్లో దివిసీమకు మదర్ థెరెసా వచ్చారు. రామకృష్ణ మిషన్ సన్యాసులు వచ్చారు. ఆరెస్సెస్ స్వయంసేవకులు శవాలు మోశారు. చర్చి సంస్థలు గంజి కాశాయి. ఎవరి దేవుడు వాళ్లకు ఉన్నాడు. ఆ బురదలో మాత్రం ఎవరూ ఎవరినీ ఏ మతమని అడగలేదు. మతం మనిషి చేత ఏం చేయించగలదో నాకు మొదట తెలిసింది అక్కడే. పుస్తకంలో రాసుకునే ఆ చెయ్యి ఎంత గొప్పదో తెలిసిందీ అక్కడే.

చదివి వినిపించాలి

స్టేషన్‌లో రోజు రోల్‌కాల్‌తో మొదలవుతుంది. సెంట్రీ మారతాడు, రైటర్ జనరల్ డైరీ తెరుస్తాడు. ఎవరు ఏ డ్యూటీకి వెళ్లారు, ఎవరొచ్చారు, ఎన్ని గంటలకు అన్నది అందులో పడాలి. బయటివాళ్లకు అది ఉత్త కాగితాల పని. మాకు మాత్రం అదే స్టేషన్ మనస్సాక్షి. డైరీ నిజాయతీగా ఉన్న స్టేషన్‌లో అన్యాయం జరగడం కష్టం.

తర్వాత గుమ్మం దగ్గరికి మనుషులు వస్తారు. ఎస్సై టేబుల్ దాకా వచ్చేసరికి వాళ్లు అప్పటికే సగం చచ్చిపోయి ఉంటారు. ఊళ్లో పెద్దమనుషులు వద్దన్నారు, ఇంట్లోవాళ్లు పరువు పోతుందన్నారు, బయట హోంగార్డు రేపు రమ్మన్నాడు. ఇవన్నీ దాటుకుని వచ్చిన ఆడమనిషి చెప్పే మాట మొదటి నుంచి చివరి దాకా వరసగా ఉండదు. నిన్నటిది ముందు చెబుతుంది, మొన్నటిది తర్వాత. కొన్ని మింగేస్తుంది. అలాంటప్పుడు ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మహిళా కానిస్టేబులును పక్కన ఉంచి, ఆమె మాటల్లోనే రాసుకోవడం పోలీసు పనిలో అన్నిటికంటే పెద్ద నైపుణ్యం. తుపాకీ పేల్చడం కొన్ని నెలల్లో నేర్పుతారు. వినడం నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఫిర్యాదు రాసుకున్నాక దాన్ని ఇచ్చినవాళ్లకు చదివి వినిపించాలని, సంతకం తీసుకోవాలని, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలని చట్టమే చెబుతోంది. వారంటు లేకుండా అరెస్టు చేయదగిన కాగ్నిజబుల్ నేరం జరిగిందని సమాచారం అందితే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరాలని లలితా కుమారి కేసులో 2013లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. 'ఇది మా లిమిట్స్‌లోకి రాదు' అంటూ బాధితులను ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తిప్పే పాత అలవాటుకూ ఇప్పుడు తావు లేదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. జీరో ఎఫ్ఐఆర్ అని మనం పిలుచుకునేది అదే.

చదివి వినిపించమన్న ఆ నిబంధన మీద నాకు ప్రత్యేకమైన గౌరవం. చదువురాని పెద్దావిడకు ఆమె మాటలనే తిరిగి వినిపిస్తున్నప్పుడు ఆమె ముఖం గమనించండి. 'అవునయ్యా, నేను చెప్పింది అదే' అంటూ మెడ నిటారుగా అవుతుంది. తన గోడు ప్రభుత్వ కాగితం మీదికి ఎక్కిందని ఆమెకు అర్థమైన క్షణం అది. ఆమెకూ ఈ దేశానికీ సంబంధం అక్కడ మొదలవుతుంది.

ఇరవై నాలుగు గంటలు

రాజ్యాంగంలో 22వ అధికరణాన్ని నేను పారాయణ గ్రంథంలా భావిస్తాను. అరెస్టు చేసిన మనిషికి కారణం చెప్పాలి, వకీలును కలవనివ్వాలి, ప్రయాణానికి పట్టే సమయం పోగా 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. అసలు ముసాయిదాలో జీవించే హక్కుకు తగినంత కాపలా లేదన్న విమర్శ రావడంతో 1949 సెప్టెంబరులో డాక్టర్ అంబేద్కర్ రాజ్యాంగ సభలో ఈ రక్షణలను ప్రత్యేకంగా తెచ్చి పెట్టారు. దేశం కొత్తగా పుడుతూ, లాకప్పులో ఉన్న అనామకుడి గురించి కూడా ఆలోచించింది. ఈ దేశం మీద నా గౌరవానికి ఇంతకంటే పెద్ద కారణం వెతుక్కోనక్కర్లేదు.

పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలును నిందితుడికి వ్యతిరేకంగా రుజువు చేయకూడదని పాత సాక్ష్యాధారాల చట్టం 25వ సెక్షన్ చెప్పేది. కొత్త సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ అదే మాట చెబుతోంది. మమ్మల్ని చట్టమే నమ్మడం లేదని కొందరు అధికారులు బాధపడుతుంటారు. నేను అలా అనుకోలేదు. దెబ్బలతో రాబట్టిన మాటకు కోర్టులో విలువ లేదని తెలిసినప్పుడే మనం వేలిముద్రల కోసం, కాల్ రికార్డుల కోసం, సాక్షుల కోసం కాళ్లరిగేలా తిరుగుతాం. ఆ సెక్షన్ నిందితుడిని కాపాడుతూనే మమ్మల్ని దర్యాప్తు అధికారులుగా నిలబెట్టింది.

డీకే బసు కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు ప్రతి స్టేషన్ గోడ మీదా ఉంటాయి. అరెస్టు మెమో రాయాలి, సాక్షి సంతకం ఉండాలి, బంధువుకు కబురు చెప్పాలి, ఒంటి మీద గాయాలుంటే నమోదు చేయాలి, 48 గంటలకోసారి వైద్య పరీక్ష చేయించాలి. ఇందులో కబురు చెప్పే పనిని నేనెప్పుడూ కిందివాళ్లకు వదల్లేదు. నేనే ఫోన్ చేసేవాణ్ని. అవతల తల్లో, భార్యో ఎత్తేవారు. 'ఫలానా కేసులో మీ అబ్బాయిని అరెస్టు చేశామమ్మా. రేపు కోర్టుకు తీసుకెళ్తాం. అన్నం తిన్నాడు' అని చెప్పేవాణ్ని. చివరి మాట కోర్టు అడగలేదు. కానీ ఆ తల్లి వినాలనుకునేది అదొక్కటే. కొడుకు దొంగ కావచ్చు, హంతకుడు కూడా కావచ్చు. శిక్ష పడితే అనుభవిస్తాడు. మా కప్పు కింద ఉన్నంతసేపు మాత్రం వాడి ప్రాణానికి, వాడి తిండికి పూచీ మాది. ఈ పూచీ బరువు తెలిసిన పోలీసుకు వేరే ధ్యానం అక్కర్లేదు.

రొట్టె ఎవరిదని అడగరు

నమ్మకం గురించి పుస్తకాల కంటే బందోబస్తులే నాకు ఎక్కువ చెప్పాయి. ఏటా మొహర్రం రోజుల్లో నెల్లూరు బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ జరుగుతుంది. పన్నెండు మంది అమరుల సమాధులున్న దర్గా అది. పక్కనే స్వర్ణాల చెరువు. జనం మోకాలి లోతు నీళ్లలో దిగి, తలమీద కొంగు కప్పుకుని, చేతిలో రొట్టె పట్టుకుని కేకలేస్తుంటారు. సంతాన రొట్టె, వివాహ రొట్టె, ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె. కోరిక ఉన్నవాళ్లు రొట్టె పుచ్చుకుంటారు. అది తీరితే మరుసటి ఏడు వచ్చి అదే రకం రొట్టెను ఇంకొకరికి ఇస్తారు.

మా డ్యూటీ ఒడ్డునా, నీళ్లలోనూ. గజ ఈతగాళ్లు, పడవలు, తప్పిపోయిన పిల్లల కోసం మైకు. ఒకసారి నా ఎదుటే చంకలో పసిబిడ్డతో ఒక ఆమె సంతాన రొట్టె ఇస్తానని కేకేసింది. నుదుట పెద్ద బొట్టు. ఆ మాట వినగానే బురఖా వేసుకున్న ఒకామె నీళ్లు చిమ్ముకుంటూ ఆమె దగ్గరికి వచ్చింది. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. రొట్టె అందుకుని, ఆ పసిబిడ్డ కాలు ఒకసారి పట్టుకుని కళ్లకు అద్దుకుంది. ఇద్దరూ నవ్వుకున్నారు, ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. రొట్టె ఇచ్చిన చేతిది ఏ కులమో, పుచ్చుకున్న చేతిది ఏ మతమో ఆ చెరువులో ఎవరికీ పట్టదు. తనకు తీరిన కోరిక ఇంకొకరికీ తీరాలనుకోవడమే ఆ పండగలో పూజ.

ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకు కొండ ఎక్కేవాళ్లలో తలనీలాలు ఇచ్చేవాళ్లను చూశాను, కొబ్బరికాయలు కొట్టేవాళ్లను చూశాను. దసరాకు మా ఆయుధాగారంలో రైఫిళ్లు శుభ్రం చేసి, వరసగా పేర్చి, పసుపు కుంకుమలు పెట్టి గుమ్మడికాయ కొట్టేటప్పుడు ఆ పళ్లెం పట్టుకున్నది ఆర్మరర్ డ్యూటీలో ఉన్న ముస్లిం హెడ్ కానిస్టేబుల్. ఆ తుపాకులను ఏడాది పొడవునా చూసుకునేది ఆయనే కాబట్టి పళ్లెం ఆయన చేతిలో ఉండటమే సబబని అందరం అనుకున్నాం. అల్లర్లు జరిగిన రాత్రుల్లోనూ డ్యూటీ చేశాను. ఎవరో ఒకరు లాభపడాలని చూసినప్పుడే ఆ అల్లరి పుడుతుంది. మామూలు జనం తమంతట తాముగా తెల్లారి లేచి పొరుగువాడి మీద పడటం నా సర్వీసులో నేను చూడలేదు. 2023 సెప్టెంబర్ 28న హైదరాబాద్‌లో గణేశ్ నిమజ్జనం, మిలాద్-ఉన్-నబీ ఒకే రోజు వచ్చాయి. ముస్లిం పెద్దలే ముందుకొచ్చి తమ ఊరేగింపును అక్టోబర్ 1కి మార్చుకున్నారు. వేల మంది పోలీసులు చేయలేని పనిని పెద్దల ఒక్క నిర్ణయం చేసింది.

ఇక గుర్తుతెలియని శవాలు. ప్రతి పోలీసు జీవితంలోనూ ఉంటాయి. చొక్కా కాలరు వెనక టైలర్ లేబుల్ చూస్తాం, పచ్చబొట్టు చూస్తాం, మొలతాడు, చెప్పుల కంపెనీ, జేబులో బస్సు టికెట్టు చూస్తాం. టైలర్ లేబుల్ పట్టుకుని ఊరూరా తిరిగి ఇంటివాళ్లను పట్టుకున్న కేసులు ఉన్నాయి. కొన్నిసార్లు ఏ ఆధారమూ దొరకదు. మార్చురీలో ఉంచాల్సినన్నాళ్లు ఉంచి, ఫోటోలు, వేలిముద్రలు, డీఎన్ఏ నమూనా తీయించి, చివరికి మునిసిపాలిటీ వాళ్లతో కలిసి మేమే పూడ్చిపెట్టాలి. మా హెడ్ గారు ఒకాయన అలాంటి ప్రతి గొయ్యి దగ్గరా టోపీ తీసి నిలబడేవారు. ఏ మతమో తెలియదు కాబట్టి ఏ మంత్రమూ చదివేవారు కాదు. మూడు గుప్పిళ్ల మట్టి వేసి 'నీ వాళ్లెవరో మాకు తెలియలేదు. మేం ఉన్నాం' అనేవారు. నేను విన్న ప్రార్థనలన్నిటిలోకీ నిండైనది అదే.

రెండు రసీదులు, రెండు వేలిముద్రలు

దేశం కోసం చనిపోవడం పోలీసుకు ఉత్త మాటల వ్యవహారం కాదు. స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచి విధి నిర్వహణలో చనిపోయిన పోలీసుల పేర్లు 34 వేలకు పైగా ఢిల్లీ జాతీయ పోలీసు స్మారకం గోడ మీద చెక్కి ఉన్నాయి. తెలుగు నేల మీద ఆ జాబితా పొడవైనదే. నక్సలైట్లను ఎదుర్కొనే గ్రేహౌండ్స్ బలగానికి రూపమిచ్చిన ఐపీఎస్ అధికారి కేఎస్ వ్యాస్‌ను 1993 జనవరి 27న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో కాల్చి చంపారు. అదే ఏడాది మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశి నాయుడు మందుపాతరకు బలయ్యారు. 1999 సెప్టెంబర్ 4న ఐపీఎస్ అధికారి ఉమేశ్ చంద్రను ఎస్ఆర్ నగర్ కూడలిలో చంపారు. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో పడవ మీద దాడి జరిగి 30 మందికి పైగా గ్రేహౌండ్స్ జవాన్లు నీళ్లపాలయ్యారు. ఐపీఎస్‌ల పేర్లు జనానికి గుర్తుంటాయి. మందుపాతర పేలిన జీపు నడిపిన డ్రైవరు పేరు వాళ్ల ఊరికి మాత్రమే గుర్తుంటుంది.

నల్లమల అంచున పనిచేసిన రోజుల్లో ఒకే వారంలో ఒకే ఆసుపత్రి మార్చురీ నుంచి రెండు మృతదేహాలను అప్పగించాల్సి వచ్చింది. ఒకరు మా కానిస్టేబులు. ఇంకొకరు నక్సలైట్ల దళంలో పనిచేసిన కుర్రాడు. శవాన్ని అప్పగించేటప్పుడు బంధువుల దగ్గర రసీదు తీసుకుంటాం. రెండు రసీదుల మీదా తల్లులే వేలిముద్ర వేశారు. ఇద్దరికీ సంతకం రాదు. ఇద్దరివీ వానాధార పొలం చేసుకునే కుటుంబాలే. ఆ రెండు కాగితాలను ఫైల్లో పెడుతూ చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. తుపాకీతో రాజ్యాన్ని కూల్చాలనే దారి తప్పని అప్పుడూ ఇప్పుడూ నా నిశ్చితాభిప్రాయం. మా కానిస్టేబులు చట్టం తరఫున నిలబడి చనిపోయాడు, ఆ గౌరవం అతనికి దక్కి తీరాలి. అయితే ఆ తల్లులిద్దరికీ చదువు, నీళ్లు, న్యాయం వేళకు అంది ఉంటే వాళ్ల బిడ్డలు అడవిలో ఎదురుపడేవాళ్లు కాదన్నదీ నా నమ్మకమే. దేశాన్ని ప్రేమించేవాడు ఈ రెండో మాట చెప్పడానికి జంకకూడదు.

హాట్ స్ప్రింగ్స్‌లో ఏం జరిగింది?

అక్టోబర్ 21నే సంస్మరణ దినంగా ఎందుకు జరుపుకొంటామో చాలామందికి తెలియదు. టిబెట్ సరిహద్దు కాపలా అప్పట్లో పోలీసు బలగాల మీద ఉండేది. 1959 అక్టోబర్ 20న లద్దాఖ్‌లో సుమారు 16 వేల అడుగుల ఎత్తున ఉన్న హాట్ స్ప్రింగ్స్ నుంచి మూడు గస్తీ బృందాలు బయలుదేరాయి. రెండు తిరిగొచ్చాయి. ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక కూలీ ఉన్న మూడో బృందం జాడ లేదు. మర్నాడు కరమ్ సింగ్ అనే అధికారి నాయకత్వంలో సుమారు 20 మంది వెతకడానికి వెళ్లారు. గుట్ట మీది నుంచి చైనా సైనికులు కాల్పులు జరిపారు. పది మంది చనిపోయారు. గాయపడిన ఏడుగురిని బందీలుగా పట్టుకున్నారు. మృతదేహాలను నవంబర్ 13న గానీ అప్పగించలేదు. పోలీసు లాంఛనాలతో అక్కడే దహనం చేశారు. మరుసటి జనవరిలో జరిగిన పోలీసు ఐజీల సమావేశం ఆ తేదీని సంస్మరణ దినంగా నిర్ణయించింది.

నన్ను ఈ కథలో ఎప్పుడూ కదిలించేది ఆ వెతకడానికి వెళ్లినవాళ్లు. యుద్ధానికి వెళ్లలేదు వాళ్లు. తిరిగిరాని ఇద్దరు కానిస్టేబుళ్లను, సామాన్లు మోసే ఒక కూలీని వెతుక్కుంటూ వెళ్లారు. మనిషి తప్పిపోతే వెతకడం పోలీసు పని. ఆ పనిలోనే ప్రాణాలు ఇచ్చారు.

ఇంటివాళ్లు కట్టిన పన్ను

జనానికి పండగైన రోజు పోలీసుకు బందోబస్తు. మా ఇంట్లో సంక్రాంతి ఒకసారి భోగికి ముందు వచ్చేది, ఒకసారి కనుమ అయ్యాక వచ్చేది. నా భార్య ఆ తేదీలను నా డ్యూటీ చార్టు చూసి నిర్ణయించేది. పిల్లల స్కూలు మీటింగులకు, ఆసుపత్రులకు ఆవిడే. నా ఛాతీ మీద పతకం ఉన్నప్పుడు అందులో సగం ఆవిడదని మాట వరసకు అనడం తేలిక. నిజానికి ఆవిడ కట్టిన పన్నుకు రసీదు ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు.

కిందిస్థాయి సిబ్బంది బతుకు ఇంకా కష్టం. గంటల తరబడి నిలబడటం వల్ల కాళ్లలో నరాలు ఉబ్బుతాయి. వేళ తప్పిన భోజనంతో షుగరు, బీపీ నడివయసుకే వస్తాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులకు వారపు సెలవు ప్రకటించినప్పుడు రిటైరైన మేం కూడా సంబరపడ్డాం. కానీ సిబ్బందిని పెంచకపోతే ఆ సెలవు కాగితం మీదే ఉంటుంది. నిద్రలేని మనిషి చేతిలో లాఠీ పెట్టి మర్యాదగా మాట్లాడమంటే కుదరదు. పోలీసుకు విశ్రాంతి ఇవ్వడం జనానికి చేసే మేలే.

మన పోలీసు వ్యవస్థ ఎముకల్లో ఇంకా 1861 పోలీసు చట్టం ఉంది. 1857 తిరుగుబాటు తర్వాత పాలకుల అధికారాన్ని కాపాడటానికి పుట్టిన చట్టమది. స్వతంత్ర దేశానికి తగిన పోలీసు ఎలా ఉండాలో 1977లో ఏర్పడిన జాతీయ పోలీసు కమిషన్ ఎనిమిది నివేదికల్లో చెప్పింది. అవి అటకెక్కాయి. పదవీ విరమణ చేసిన డీజీపీ ప్రకాశ్ సింగ్ 1996లో సుప్రీంకోర్టు తలుపు తట్టారు. పదేళ్ల తర్వాత, 2006 సెప్టెంబర్ 22న, కోర్టు ఏడు ఆదేశాలిచ్చింది. డీజీపీకి, స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు కనీసం రెండేళ్ల పదవీకాలం, దర్యాప్తును శాంతిభద్రతల నుంచి వేరు చేయడం, పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి స్వతంత్ర అథారిటీ వాటిలో ముఖ్యమైనవి. వీటిని మనసా వాచా అమలు చేసిన రాష్ట్రం నాకు కనబడలేదు. రేపు బదిలీ అవుతానని భయపడే ఎస్సై గుమ్మంలో నిలబడిన పేదవాడి వైపు ఎలా చూస్తాడు? ఫోన్ వైపు చూస్తాడు. పోలీసు ముఖం జనం వైపు తిరగాలంటే ఈ ఆదేశాలు అమలు కావాలి.

సెలక్షన్లకు పరిగెడుతున్న పిల్లలకు

తెల్లవారుజామున మా ఊరి గ్రౌండులో ఎస్సై, కానిస్టేబుల్ ఈవెంట్ల కోసం పరిగెడుతున్న పిల్లలను చూస్తుంటాను. అమ్మాయిలూ చాలామంది వస్తున్నారు. ఆగి మాట్లాడతారు, సలహా అడుగుతారు. 1920 నుంచి 1934 దాకా హైదరాబాద్ కొత్వాలుగా, అంటే నగర పోలీసు అధిపతిగా పనిచేసిన రాజా బహదూర్ వెంకటరామిరెడ్డి గురించి చెబుతాను. నిజాం పాలనలో ఆ పదవి చేపట్టిన తొలి హిందువు ఆయన. ఎంత అధికారం చూశారో! ఇవాళ్టికీ ఆయన పేరు చెప్పగానే జనానికి గుర్తొచ్చేది మాత్రం పల్లెటూరి పిల్లలు చదువుకోవడానికి నిలబెట్టిన హాస్టలే. అధికారం పదవితో పోతుంది, మనుషులకు చేసిన పని మిగులుతుంది.

వాళ్లకు చెప్పేది చాలా మామూలు మాటలే. పరీక్షకు సెక్షన్లు చదువుతారు, చదవండి. ఉద్యోగంలో చేరాక ఎవరైనా గుమ్మంలోకి వస్తే ముందు కుర్చీ చూపించండి. వాళ్లు చెప్పేది మధ్యలో ఆపకండి. రాసుకున్నది చదివి వినిపించండి, కాపీ చేతికివ్వండి. అరెస్టు చేస్తే ఇంటికి మీరే ఫోన్ చేయండి. పేరు తెలియని శవం దగ్గర టోపీ తీయండి. ఉదయం ఏ దేవుడికి మొక్కి వచ్చినా, ఏ పండగకు ఉపవాసం ఉన్నా మీ ఇష్టం. జెండాకు ఎంత గట్టిగా సెల్యూట్ కొట్టినా సంతోషమే. కానీ మీ దేవుడికీ మీ దేశానికీ లెక్క చెప్పాల్సింది మాత్రం, మీకు ఏమీ ఇవ్వలేని ఆ మనిషి మీ స్టేషన్ నుంచి ఎలా బయటికి వెళ్లాడన్న దాని గురించే.

ఈ అక్టోబర్ 21న మీ జిల్లా కేంద్రంలోని పరేడ్ మైదానానికి వీలుంటే వెళ్లండి. శోక్ శస్త్ర్ అనే ఆజ్ఞకు రైఫిళ్లు తలకిందులవుతాయి. ఆ ఏడాది దేశమంతటా చనిపోయిన పోలీసుల పేర్లు ఒక్కొక్కటీ చదువుతారు. చివరిదాకా వినండి. మర్నాడు మీకు ఏదైనా అన్యాయం జరిగితే స్టేషన్‌కు వెళ్లి, మీ హక్కుగా ఎఫ్ఐఆర్ రాయించుకుని, చదివించుకుని, కాపీ అడిగి తీసుకోండి. ఆ పేర్లవాళ్లకు గౌరవం ఇవ్వడమూ, ఉన్నవాళ్లను బాధ్యత అడగడమూ రెండూ చేయగలిగిన జనమే మంచి పోలీసును తయారుచేసుకుంటారు.